అత్త చెప్పని పేరు

దుబాయ్‌లో వాన పడితే మట్టివాసన రాదు, ఇసుకవాసన వస్తుంది. మొదట ఎండిన సున్నపు గోడ తడిసినట్టుండి, కాసేపటికి అందులో డీజిలూ, పొంగిన మురుగూ, కింది అంతస్తులో ఎవరో వేయిస్తున్న ఉల్లిపాయలూ కలుస్తాయి. ఇంటర్నేషనల్ సిటీలో నేనుండే బిల్డింగు వెనక కార్లు ఆపుకునే ఖాళీ జాగాలో మొన్న వాన నీళ్ళు నిలిస్తే, గంట తిరక్కముందే ట్యాంకరు వచ్చి లావుపాటి గొట్టం దించి తోడటం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నేల మళ్ళీ బూడిదరంగుకు తిరిగింది. కిటికీ దగ్గర టీ పట్టుకుని అది చూస్తూ నిలబడితే, ఇదే వాసన మధ్య, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అబుదాబీ పక్క బనియాస్‌లో నీళ్ళగట్టున నిలబడిన మా సుగుణత్త కళ్ళముందు కదిలింది. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు సంతోషం కలుగుతుంది. దాని వెనకే సిగ్గు వస్తుంది.

సుగుణత్త మా నాయనకు అక్క. నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సు నడుమ ఉన్న ఒక దీవిలో పుట్టి, ఆ దీవిలోనే మెట్టింది. మామ పేరు పేతురు. రొయ్యల వేటకు పోయిన ఒక గాలివాన రోజున ఆయన పడవ తిరగబడి, రెండో నాడు ఒక ఇసుక తిప్ప మీదికి కొట్టుకొచ్చింది. ఆయన రాలేదు. అదంతా నేను పుట్టకముందు సంగతి. పిల్లల్లేరు. మా అమ్మ అబుదాబీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు, నాయన ముసఫ్ఫాలో పడవల మోటార్లు బాగుచేసే గ్యారేజీలో పని. అమ్మకు ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. నన్ను చూసుకునే మనిషి లేక, తెలిసిన అరబ్బు పెద్దాయన ఒకరు కఫీల్‌గా, అంటే పూచీదారుగా, నిలబడి వీసా ఇప్పిస్తే, రెండువేల రెండులో అత్తను బనియాస్‌కు తెచ్చుకున్నాం. అప్పుడు నాకు ఏడేళ్ళు.

ఆమె వచ్చిన కొత్తల్లో, కాయితాలు టైపు చేసే కొట్టుకు తీసుకెళ్ళాం. నాయన కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ బయటే ఉండిపోయాడు. టైపు చేసే మలయాళీ ఆయన హిందీలో భర్త పేరు అడిగాడు. ఏమడిగాడో నేను అత్తకు తెలుగులో చెప్పాను. అత్త పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు. అత్త వంగి నా చెవిలో, "నువ్వు చెప్పు నాయనా, నేను చెప్పకూడదు" అంది. నేను పెద్దమనిషిలాగా బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, "పీటర్" అన్నాను. ఆయన టకటకా కొట్టేసుకున్నాడు. బయటికొచ్చాక అత్త నాకొక మామిడిరసం డబ్బా కొనిపెట్టింది. అలా నాకు ఆ ఇంట్లో ఒక ఉద్యోగం కుదిరింది.

మా అత్త కాలపు ఆడవాళ్ళకు మొగుడి పేరు నోట పలకడమంటే ఆయన ఆయుష్షు తుంచినట్టే. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు, ఇంకా బిగుసుకుంది. దాంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, మామది బైబిల్లో అడుగడుగునా ఉండే పేరు, చేపలు పట్టుకునే యేసు శిష్యుడిది. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో తెలుగు కుటుంబాలు కూడి ప్రార్థన చేసుకునేవి. హాల్లో చాప పరిచి, కిటికీ ఏసీ గడగడలాడుతుంటే దాని మీదుగా గొంతు పెంచి పాటలు పాడి, వంతులవారీగా వాక్యం చదివేవాళ్ళు. అత్త వంతు వచ్చినప్పుడు సువార్తలో మామ పేరు వచ్చిందంటే, ఆమె వేలు ఆ మాట మీద ఆగి, "అంతట ఆ చేపలాయన ఆయనతో ఇట్లనెను" అని చదివి ముందుకు పోయేది. ప్రార్థన నడిపే పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గేవాడు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ, "అక్కా, పరలోకంలో తాళాలు ఆయన దగ్గరే ఉంటాయంట. తలుపు దగ్గర ఏమని పిలుస్తావు?" అని ఏడిపించేది. "సామేలును తోడు తీసకపోతా లే" అనేది అత్త, నా వైపు చూసి. సామేలంటే నేనే. బళ్ళో శామ్యూల్‌ని.

ఇప్పుడు తిప్పల సంగతి చెప్పాలి. పులికాట్‌లో నీళ్ళు లోతు తక్కువ. నడుమ నడుమ ఇసుక తిప్పలు వీపులు పైకి పెట్టుకుని ఉంటాయి. ఒడ్డు నుంచి దీవికి పోయే పడవలో పెద్దవాళ్ళు ఒక్కో తిప్ప దాటుతున్నప్పుడు దాని పేరు పైకి అనడం వాళ్ళ అలవాటు. ఎవరినో దారిలో పలకరించినట్టు, అంతే. గవ్వల తిప్ప, తాటి తిప్ప, పెండ్లి తిప్ప, దొరసాని తిప్ప, పేతురు తిప్ప, పిట్టల తిప్ప, ఆ తర్వాత ఊరి రేవు. మామ పడవ దొరికిన తిప్పకు ఊరివాళ్ళు ఆయన పేరు పెట్టుకున్నారు. అంతకుముందు దానికి వేరే పేరుండేదట, అదేమిటో అత్తకు కూడా గుర్తులేదు. పడవ ఆ తిప్ప దగ్గరికి వచ్చేసరికి అత్త ఆగిపోయేది. పడవలో ఉన్న ఏ పిల్లో పిల్లవాడో ఆ పేరు అనేవాళ్ళు. అప్పుడు ఆమె తలూపి, "పిట్టల తిప్ప" అని అందుకునేది.

బనియాస్‌లో సరస్సు లేదు, పడవ లేదు. అయినా మధ్యాహ్నం నేను బడి బస్సు దిగి వచ్చేసరికి అత్త వంటింటి గడప దగ్గర కత్తిపీట వేసుకుని, బూడిద బదులు గోధుమపిండి రాసుకుని చేపలు తోముతూ, ఆ పేర్లు వరసగా అనుకుంటూ ఉండేది. నేను బూట్లు విప్పుతూ నా వంతు రాగానే "పేతురు తిప్ప" అని కేకవేసేవాణ్ణి. పక్క వాటాలో ఉండే సూడాన్ ఆవిడ అదేదో మా ఇంట్లో దేవుడి మాట అనుకునేది.

ప్రతి పేరుకూ ఒక కథ ఉండేది. కరువు ఏడాది పెళ్ళివారి పడవ బురదలో కూరుకుపోతే, ముహూర్తం కాకపోయినా పాస్టరుగారికి తిరుగు బస్సు తప్పిపోతుందని ఆ తిప్ప మీదే దండలు మార్పించేశారు కాబట్టి పెండ్లి తిప్ప. ఒకసారి ఆ పెళ్ళికూతురు అత్తకు పిన్నమ్మ, మరోసారి మామకు మేనత్త. తాటి తిప్ప మీద తాటిచెట్టు లేదు, ఎప్పుడూ లేదట. మరి ఆ పేరెందుకని అడిగితే అత్త కాసేపు ఆలోచించి, "చెట్టు నాటాలనుకోని ఉంటారు" అనేది. దొరసాని తిప్ప మీద ఒక దొరసాని గుడారం వేసుకుని పిట్టల బొమ్మలు గీసిందని ఒక కథ. దొరసాని లేదు గిరసాని లేదు, దొరసాని అనే బర్రె తప్పిపోయి అక్కడ దొరికిందని ఇంకో కథ. అత్త రెండూ చెప్పేది. రెంటినీ నమ్మేది కూడా.

మా విల్లాకూ వీధి చివర బకాలా అనే కిరాణా కొట్టుకూ మధ్య ఒక పెద్ద ఖాళీ జాగా ఉండేది. ఎవరో ఇల్లు కడదామని తవ్వి, పునాదుల్లోంచి తీసిన ఇసుకను కుప్పలు కుప్పలుగా పోసి, ఆ తర్వాత కట్టడం మరిచిపోయారు. ఎండాకాలమంతా అది మండే పెనంలా ఉండేది. చలికాలంలో ఏదో ఒక రోజు ఆకాశం నల్లబడి, బడి ముందే వదిలేసి, ఒక పూటంతా కురిసిందంటే మాత్రం ఆ గుంత నిండిపోయి ఇసుక కుప్పలు నీళ్ళలో నిలబడేవి. అత్త వచ్చిన మొదటి చలికాలంలోనే అలా జరిగింది. నేను గొడుగు పట్టుకుని ఆమెను చూడ్డానికి తీసుకెళ్ళాను. ఆమె గట్టున నిలబడి చూసింది. తర్వాత చెయ్యి చాచి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో కుప్పనూ చూపిస్తూ, "గవ్వల తిప్ప" అని మొదలుపెట్టింది. కుప్పలు సరిగ్గా సరిపోలేదు. పెండ్లి తిప్పకు ఒక విరిగిన సిమెంటు తూమును లెక్కలో వేసుకుంది. బకాలాకు దగ్గరగా, ఒంటరిగా, అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న కుప్ప దగ్గర ఆగి నా వైపు చూసింది. "పేతురు తిప్ప" అన్నాను.

వీధిలో పిల్లలందరం ఆ పేర్లే పట్టుకున్నాం. కొత్త ఏసీలకు వచ్చే థర్మోకోల్ అట్టలను పడవలుగా చేసుకుని, విరిగిన చీపురుకట్టలతో తోసుకుంటూ తిప్ప నుంచి తిప్పకు పోయేవాళ్ళం. సూడాన్ పిల్లలకు తిప్ప అంటే ఏమిటో తెలియదు, కానీ గవ్వల తిప్ప దగ్గర కలుద్దామంటే సరిగ్గా అక్కడికే వచ్చేవాళ్ళు. నీళ్ళు ఇంకిపోయి, ఎండకు కుప్పలు తెల్లబడి, క్రికెట్ ఆడే రోజులు వచ్చాక కూడా బంతి పోయిందంటే దొరసాని తిప్ప వెనక వెతకమనేవాళ్ళం. రంజాన్ సాయంత్రాలు పక్క ఇంటి అరబ్బు ముసలావిడ పంపించే గోధుమ హరీస్‌ను అత్త చెంచాతో తాకి చూసి, సంగటిలాగుందని మెచ్చుకుని, ఆ గిన్నెలో మామిడికాయ వేసిన చేపలపులుసు పోసి తిప్పి పంపేది. ఆ గిన్నె పట్టుకుని పోయే దారి కూడా పిట్టల తిప్ప పక్క నుంచే.

ఒక క్రిస్మస్‌కు అమ్మ వాళ్ళ ఆసుపత్రి మేట్రన్ మా ఇంటికి భోజనానికి వచ్చింది. స్కాట్లండ్ మనిషి, పేరు మోరాగ్. ఎండకు కమిలిన ముఖం, పొట్టి జుట్టు, మనిషి గట్టిగా ఉండేది. అమ్మ ఆమెకు భయపడి ఇల్లంతా రెండుసార్లు కడిగింది. అత్త మాత్రం గులాబీ పువ్వులూ కజ్జికాయలూ పళ్ళెంలో పోసి ఆమె ముందు కూర్చుని, అమ్మ నోటితో కబుర్లు మొదలుపెట్టింది. మాటల్లో అత్త దీవి సంగతి వచ్చింది. మేట్రన్ కుర్చీలో ముందుకు జరిగింది.

వాళ్ళ దేశంలో లోమండ్ అని ఒక పెద్ద సరస్సు ఉందట. దాన్నిండా దీవులేనట. వాటి పేర్లు ఇంగ్లీషువి కావు, గేలిక్ అనే పాత భాషవి. ఆ భాషలో దీవిని ఇన్నిష్ అంటారట. పటాలు గీయడానికి వచ్చినవాళ్ళకు అది నోరు తిరగక ఇంచ్ అని రాసుకుంటే, చిన్నప్పుడు ఆమె దీవులను స్కేలుతో కొలిచి పేర్లు పెట్టారనుకునేదట. ఇంచ్‌ఫాడ్ అంటే పొడుగు దీవి. ఇంచ్‌క్రూన్ అంటే గుండ్రటి దీవి. ఇంచ్‌మోన్ అంటే పొయ్యిలోకి తవ్వుకుని ఎండబెట్టుకునే నల్లమట్టి దీవి. ఇంచ్‌కల్యఖ్ అంటే ముసలమ్మ దీవి. ఆమె ముత్తవ్వ గేలిక్ మాట్లాడేదట, కానీ ఆవులతోనూ కోళ్ళతోనూ మాత్రమే. పిల్లలు బాగుపడాలని వాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. అందుకని తమ ఇంట్లో భాష పోయి పేర్లు మాత్రం మిగిలాయని, వాటి అర్థాలు కూడా సగం ఎవరో చెప్పగా విన్నవేనని మేట్రన్ చెప్పింది.

అత్త అంతా విని, "ఆ ముసలమ్మ పేరేంది?" అని అడిగింది.

సన్యాసిని ఒకావిడ ఒంటరిగా ఉండేదని కొందరంటారు, ఊరికే ఎవరో ముసలామె అని కొందరంటారు, ఆమె పేరు మాత్రం తనకు తెలియదని మేట్రన్ అంది.

"పాపం, పేరు పోయి వయసు మిగిలిందే" అంది అత్త.

అమ్మ అది ఇంగ్లీషులో చెప్పేసరికి మేట్రన్ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ఆ తర్వాత అత్త తన తిప్పలు చెప్పింది. వరసలో ఆగింది, నేను అందించాను, ఆమె ముగించింది. ఎందుకు ఆగిందని మేట్రన్ అడిగితే అమ్మ సిగ్గుపడుతూ వివరించింది. మేట్రన్ కప్పు కింద పెట్టి నన్ను చూసింది. అయితే ఈ పేరు నీ చేతిలో ఉందన్నమాట అంది. అవునన్నాను. ఆ పూట నాకంటే గొప్పవాడు బనియాస్‌లో లేడు.

ఆ గొప్ప ఎక్కువకాలం నిలవలేదు. పదకొండేళ్ళు వచ్చేసరికి నాకు రిజ్వాన్ అనే స్నేహితుడు దొరికాడు. హైదరాబాదు పిల్లవాడు, బళ్ళో అందరికన్నా వేగంగా బౌలింగ్ చేసేవాడు, వాళ్ళ నాన్న దగ్గర పెద్ద కారుండేది. వాడు నవ్వితే తరగతి మొత్తం నవ్వేది. వాణ్ణి నవ్వించడమే నాకు పని అయిపోయింది. ఆ చలికాలంలో పెద్ద వాన పడింది. రిజ్వాన్ తన వెంట ఇద్దరు ముగ్గురిని వేసుకుని మా నీళ్ళు చూడ్డానికి వచ్చాడు. అత్త ఎప్పటిలాగే గట్టున చెప్పులు విడిచి, మోకాళ్ళ దాకా చీర ఎత్తి దోపుకుని, పిల్లల్లో పిల్లగా నీళ్ళలో తిరుగుతోంది. మా వాళ్ళను చూసి సంబరపడి తిప్పల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఒంటరి కుప్ప దగ్గర ఆగి నా వైపు చూసింది.

"క్యా రే, బుడ్డీ మరిచిపోయిందా?" అన్నాడు రిజ్వాన్.

మరిచిపోలేదు, మొగుడి పేరు చెప్పదు అని నేను వివరించాను. వాళ్ళు నవ్వారు. రిజ్వాన్ ఎక్కువగా నవ్వాడు. ఆ నవ్వు ఇంకాసేపు సాగాలని నాకు అనిపించింది. ఇన్నేళ్ళుగా ఎంత వెతికినా నేను చేసినదానికి వేరే కారణం దొరకలేదు. గట్టున ఉన్న అత్త నీలం హవాయి చెప్పులు తీసుకుని, థర్మోకోల్ అట్ట మీద పోయి, ఆ కుప్ప మీద పెట్టి వచ్చాను. పేరు చెప్తే చెప్పులు తెచ్చిస్తామని అరిచాను.

అత్త మొదట నవ్వింది, ఆట అనుకుంది. "తే నాయనా, కాళ్ళు చల్లబడతాండాయి" అంది. మేము తేలేదు. ఆమె కాసేపు మా ముఖాలు చూసింది. అప్పుడు చీర ఇంకా పైకి పట్టుకుని, నడుమనున్న గుంతల్లో కాలు జారకుండా తడుముకుంటూ, తనే కుప్ప దాకా పోయి చెప్పులు తీసుకుంది. చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, ఆ కుప్పను ఆనుకుని నిలబడి, నా ఒక్కడికే వినబడేంత మెల్లగా అడిగింది.

"సామేలూ, దాటతా ఉండా. పేరు చెప్పు."

"నాకు తెలీదు" అన్నాను.

రిజ్వాన్ నవ్వు అప్పటికే ఆగిపోయింది. "బోల్ దే యార్, చెప్పేయ్" అన్నాడు వాడు, నేల చూస్తూ. అంటే వాడికి నేను చెప్పకపోవడం అక్కర్లేదు, ఎవరికీ అక్కర్లేదు. అయినా నేను మళ్ళీ అదే అన్నాను. నాకు తెలీదు, అది ఉత్త ఇసుక కుప్ప అన్నాను. అత్త ఇంకొంచెంసేపు చూసి, చుట్టూ తిరిగి, గట్టెక్కి, తడి కాళ్ళతోనే చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె రొయ్యలు వేయించింది. నాకు ఎప్పటికన్నా ఎక్కువ వడ్డించింది. అమ్మతో గానీ నాయనతో గానీ ఒక్క మాట చెప్పలేదు. తిట్టినా, ఒక దెబ్బ వేసినా నేను ఏడ్చి ఆ పేరు చెప్పేసేవాణ్ణేమో. ఆమె అలా చేయలేదు. నేనూ నోరు తెరవలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఆమె గడప దగ్గర కూర్చుని చేపలు తోముతోంది. పేర్లు మామూలుగానే వచ్చాయి. గవ్వల తిప్ప, తాటి తిప్ప, పెండ్లి తిప్ప, దొరసాని తిప్ప. అక్కడ కత్తిపీట మీద చెయ్యి ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. ఒక పేరు పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, పిట్టల తిప్ప అని, మళ్ళీ చేప అందుకుంది. నేను బూట్లు విప్పుకుని లోపలికి పోయి టీవీ గొంతు పెంచాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. మర్నాడు చెప్పాలంటే నిన్న చెప్పనందుకు కూడా కలిపి చెప్పినట్టవుతుందని అనిపించింది. వారం గడిచాక ఇంకా కష్టమైంది. నెలలు గడిచాక, అది అత్త వరసలో ఉండే మామూలు ఖాళీ అన్నట్టు, నేను ఆ పక్క నుంచి నడిచి వెళ్ళిపోవడం నేర్చుకున్నాను. శుక్రవారం ప్రార్థనల్లో ఆమె చేపలాయన అని చదివితే అందరూ నవ్వేవాళ్ళు. నేను మాత్రం ఆ సమయానికి మంచినీళ్ళ కోసం లేచేవాణ్ణి.

రెండువేల ఎనిమిదిలో అమ్మకు రాత్రి డ్యూటీలు తప్పాయి. నేను పదమూడేళ్ళవాణ్ణి, ఇంటి తాళంచెవి నా జేబులోనే ఉండేది. అత్త ఇంటికి పోతానంది. దుప్పట్లూ, టైగర్ బామ్ సీసాలూ, ఖర్జూరాలూ, వాసన సబ్బులూ అట్టపెట్టెలో కుక్కి, నైలాన్ తాడు బిగించి, దాని మీద ఆమె పేరు నేనే నల్ల మార్కరుతో రాశాను. నాయన పనిలో ఉన్నాడు. టాక్సీలో అమ్మా అత్తా వెనక కూర్చున్నారు, నేను ముందు. అమ్మ ఫోనులో ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడుతోంది. వీధి మలుపులో ఎదుటినుంచి లారీ వచ్చి మా కారు ఆగింది. పక్కనే ఖాళీ జాగా. అప్పటికే చుట్టూ రేకులు కట్టేశారు, సందుల్లోంచి కుప్పలు కొంచెం కొంచెం కనబడుతున్నాయి.

వెనక నుంచి అత్త గొంతు మెల్లగా మొదలైంది. గవ్వల తిప్ప. తాటి తిప్ప. పెండ్లి తిప్ప అన్నప్పుడు లారీ వెనక్కి జరుగుతోంది. దొరసాని తిప్ప. ఆ తర్వాత ఆమె ఆగింది. ఆ ఖాళీ ఎప్పటికన్నా పొడుగ్గా ఉంది. లారీ తప్పుకుంది, డ్రైవరు గేరు వేశాడు, కారు కదిలింది, ఆమె ఇంకా ఆగే ఉంది. నేను అద్దంలోంచి బకాలా బోర్డు చదువుతూ కూర్చున్నాను. కారు పెద్ద రోడ్డెక్కాక ఆమె "పిట్టల తిప్ప" అంది.

విమానాశ్రయంలో నా తల నిమిరి, బాగా చదువుకో నాయనా అంది.

తర్వాతి సంగతి చెప్పుకోవడానికి నాకు ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. నేను ఇంజనీరింగు చెన్నైలో చదివాను. అక్కడి నుంచి, అత్త దీవికి పోవాలంటే దిగాల్సిన సూళ్ళూరుపేట రైలులో రెండు గంటల దారి. ఫోను చేసినప్పుడల్లా అత్త, రొయ్యలు పడతాండాయి, ఎప్పుడొస్తావు అని అడిగేది. వచ్చే ఆదివారం అనేవాణ్ణి. రెండో ఏడు చదువుతుండగా ఆమె పోయింది. పరీక్షలున్నాయని చెప్పాను. పరీక్ష ఒకటే ఉంది, అదీ నాలుగు రోజుల తర్వాత. పోతే ఆమె ముఖం చూడాలి, చూస్తే ఆ పేరు చెప్పాలి, చెప్పినా ఆమె వినదు. ఆ మాట నాకు నేనే చెప్పుకుని హాస్టల్లో పడుకున్నాను.

బనియాస్‌లో మా వీధి ఇప్పుడు నున్నగా ఉంటుంది. పోయిన ఏడు ఒక పనిమీద వెళ్ళి, బకాలా ఉండిన చోట కారు ఆపి చూశాను. జాగా మొత్తం ఇళ్ళే. గేట్ల ముందు బోగన్‌విలియా, కాలిబాటకు పరిచిన ఎర్ర ఇటుకలు. వాన పడితే నీళ్ళు జాలీల్లోంచి ఎటో పోతాయి. కత్తిపీట వేసుకుని గడపలో కూర్చునే ఆడమనిషి ఆ వీధిలో ఉంటుందనుకోను. చేపలు కొట్టులోనే కోసి ఇస్తున్నారు. గవ్వల తిప్ప దగ్గర కలుద్దామంటే వచ్చే సూడాన్ పిల్లలు ఏ దేశంలో ఉన్నారో తెలియదు.

ఈ జనవరిలో సెలవు మీద వెళ్ళినప్పుడు, ఎట్టకేలకు అత్త సమాధి చూద్దామని పులికాట్ రేవులో పడవెక్కాను. మోటారు పడవ. నడిపే కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయి, చెవిలో ఫోను తీగ. పడవలో నేనూ, వాడూ, రెండు సిమెంటు బస్తాలూ. నీళ్ళు పలచగా, తెల్లగా ఉన్నాయి. దూరంగా కొంగలు నిలబడి ఉన్నాయి. వాడు పేర్లు అనడం లేదు. నేనే అడిగాను, ఇప్పుడు అనరా అని. ముసలోళ్ళు ఉంటే అంటారు సార్ అన్నాడు. పేర్లు తెలుసా అంటే నవ్వి, నాకు చూపించడానికన్నట్టు ఒక్కోటీ చెప్పుకుంటూ వచ్చాడు. గవ్వల తిప్ప, తాటి తిప్ప. దాని మీద ఇప్పటికీ చెట్టు లేదు. పెండ్లి తిప్ప, దొరసాని తిప్ప. నేను నోరు తెరిచాను. వాడు నాకన్నా ముందే అన్నాడు.

"అది చెప్పనమ్మ తిప్ప సార్."

ఆ పేరెందుకు వచ్చిందని అడిగాను. వాడు మోటారు చప్పుడు తగ్గించాడు. నేను విన్నదేగాని చూసింది తక్కువ సార్, నేను అప్పుడు చిన్నోణ్ణి అంటూ చెప్పాడు.

"ముందర ఒక ముసలామె వారం వారం పడవెక్కేదంట. అన్ని తిప్పల పేర్లూ చెప్పేది, దీని కాడికి వచ్చేసరికి నోరు మూసుకునేది. ఎవురన్నా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. మీరు కాదు, చెప్పేవోడు దుబాయిలో ఉండాడు, వస్తాడు అనేది. పిల్లకాయలు ఏడిపించేదానికి చెప్పనమ్మ అనేవాళ్ళం. అట్ట అట్ట అదే నిలిచిపోయింది."

పడవ తిప్ప పక్కనే పోతోంది. చిన్నది, నేను ఊహించుకున్నదానికన్నా చిన్నది. బొంత జెముడు తుప్పలు నాలుగు, ఎవరో పారేసిన వల ముక్క. చెప్పేవాడిని నేనేనని ఆ కుర్రవాడితో అన్నాను. అని, పేతురు తిప్ప అని పైకి చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పాను. వాడు ఫోను తీగ చెవిలోంచి తీసి, మర్యాదగా విన్నాడు.

"పేతురు ఎవురు సార్?" అన్నాడు.

మా మామ అన్నాను. ఆమె మొగుడు. వాడు తలూపి, మంచిది సార్ అని, పిట్టల తిప్ప వైపు పడవ తిప్పాడు.

సమాధి దగ్గర కాసేపు కూర్చుని, సాయంత్రం అదే పడవలో తిరిగి వచ్చాను. ఈసారి పడవ నిండా మనుషులున్నారు. ఒక తల్లి ఒళ్ళో ఉన్న చిన్న పిల్ల వేలు చాచి చూపిస్తే, పడవ కుర్రవాడు ఆ పిల్లకు పేరు చెప్పాడు. చెప్పనమ్మ తిప్ప. పిల్ల దాన్ని వచ్చీరాని మాటల్లో రెండుసార్లు అంది. తల్లి సరిగ్గా పలకడం నేర్పింది. వాడు నా వైపు చూడను కూడా లేదు, నేను పొద్దున చెప్పినది వాడికి అప్పటికే గుర్తులేదు. నేను ఆ పిల్లను సరిదిద్దలేదు. ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళకు అది చెప్పనమ్మ తిప్ప, అంతే. పులికాట్‌లో ఇప్పుడు పేతురు తిప్ప అనే చోటు లేదు. దాన్ని అక్కడ నిలపగలిగిన రోజుల్లో నేను రేపు చెప్దాంలే అనుకున్నాను.